ఒదిగిన ఎముక

చిట్యాలలో ఆదివారం పొద్దున మాంసం కొట్టు ముందు నిలబడేవాళ్లలో మాంసం కొననిది నేనొక్కదాన్నే. నాకు కావలసింది తలకాయ. అది కూడా కాల్చకూడదు, కొట్టకూడదు. కొట్టాయన మొదట్లో "కాల్చియ్యాల్నా అమ్మా, కొట్టియ్యాల్నా?" అని అడిగేవాడు. ఇప్పుడు అడగడు. నన్ను చూడగానే ఒక తలకాయ పక్కకు తీసి, నల్ల కవర్లో వేసి చేతికిస్తాడు. దీన్ని నేనెట్లా వండుకుంటానో అన్న అనుమానం మాత్రం అతని మొహంలోంచి ఇంకా పోలేదు. నేను తీర్చనూ లేదు. మెదడుకు దెబ్బ తగిలి పుర్రె తెరవాల్సి వచ్చిన మనుషులకు ఆ చిల్లు పూడ్చే బిళ్లలు తయారు చేస్తున్నామనీ, అవి కుదురుతాయో లేదో ముందు గొర్రె పుర్రె మీద చూసుకుంటామనీ, టిఫిన్ గిన్నెలు పట్టుకుని నిల్చున్న జనం మధ్యలో ఎక్కడని చెప్పను?

మా పరిశోధనశాల హైవే పక్కన ఒక కాలేజీలో, వెనక వైపు రెండు గదులు. చుట్టాలు అడిగితే ఎముకకు మాసిక వేసే పని అని చెప్తాను. దారి పక్క ధాబాల నుంచి కోడిగుడ్డు పెంకులు తెచ్చుకుంటాం. వాటిని కడిగి, లోపలి పొర తీసి, పెద్ద మంటలో కాలిస్తే తెల్లటి పొడి అవుతుంది. దానికి చేయాల్సినవి చేస్తే మనిషి ఎముకలో ఉండే ఖనిజమే తయారవుతుంది. దాన్ని జిగురులాంటి ఒక పదార్థంతో కలిపి, గడ్డకట్టించి, ఆరబెడితే బిస్కెట్టులాగా సన్నని రంధ్రాలున్న బిళ్ల వస్తుంది. ఆ రంధ్రాల్లోకి ఎముక పెరగాలి. పెరిగే కొద్దీ బిళ్ల కరగాలి. ఎముక పెరగకముందే కరిగితే చిల్లు చిల్లుగానే మిగులుతుంది. కరగకుండా మొండికేస్తే ఎముకకు చోటుండదు. ఆ రెంటికీ వేగం కుదర్చలేక కొన్నేళ్లుగా మా ప్రాణాలు పోతున్నాయి.

తలకాయల మీది మాంసం ఒలిచి, ఉడకబెట్టి, పుర్రెను శుభ్రం చేసే పని వచ్చేసరికి మావాళ్లందరికీ ఎక్కడెక్కడి పనులో గుర్తొస్తాయి. చివరికి అది నా మీద పడుతుంది. "మీకేం అనిపించదా మేడం?" అని కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు. మాది గొర్రెల ఇల్లు, అలవాటే అంటాను. నిజానికి అది జవాబు కాదు. గొర్రెల ఇంట్లో పుట్టినంత మాత్రాన గొర్రె చస్తే ఏమీ అనిపించకుండా ఉండదు. నాకు ఏదైనా అనిపించడం మానేసి చాలా ఏళ్లయింది. ఎప్పుడు మానేసిందో కూడా తెలుసు.

మా ఊరు కొత్తకోటకు దగ్గర. ఇళ్లు రోడ్డుకు ఇటు, మా గొర్రెలు మేసే చెలకలు అటు. మధ్యలో బెంగుళూరు హైవే. నా చిన్నప్పుడు అది మామూలు రోడ్డే. మంద వస్తుంటే లారీవాళ్లే ఆగి బీడీ ముట్టించుకునేవాళ్లు. తర్వాత వెడల్పు చేశారు, మధ్యలో గోడ కట్టారు, అక్కడక్కడా సందు వదిలారు. అప్పటి నుంచి మా వాళ్లకు మేపడం కంటే దాటించడం పెద్ద పని అయింది. బాపు ముందు నడిచి, గొంగడి ఊపుతూ బండ్లను ఆపేవాడు. తమ్ముడు వెనక నుంచి నాలుకను అంగిలికి కొట్టి ఒక చప్పుడు చేసేవాడు. ఆ చప్పుడుకు మంద అంతా ఒక్క ఒరవడిన కదిలేది. బాపు చేసినా అంత బాగా కదిలేది కాదు. "నాకంటె వాని మాటే ఇంటయి" అని బాపు గొప్పగా, కొంచెం కుళ్లుగా చెప్పుకునేవాడు.

తమ్ముడు పదో తరగతి తర్వాత చదువు తనంతట తానే మానేశాడు. నాకు మాత్రం చదువు తలకెక్కింది. వాడికి తలకెక్కింది జుట్టు. చెవులు మూసుకునేంత పెంచి, దువ్వెన జేబులో పెట్టుకుని గొర్రెలు కాసేవాడు. "గొర్లు సూడనీకె గింత సోకా?" అని అమ్మ రోజూ తిట్టేది. ఆదివారం వస్తే ఆమే వాణ్ని గడప దగ్గర కూర్చోబెట్టుకుని నువ్వుల నూనె పెట్టి గంటసేపు తల రుద్దేది. నాకు పెట్టినదానికంటే ఎక్కువసేపే.

తెలంగాణ వచ్చిన కొత్తలో, పల్లికాయ పీకిన చేన్లలో మంద పెట్టడానికి పొద్దుగూకే వేళకు దాటిస్తున్నారు. ఒక పిల్ల గొర్రె మధ్య గోడ ఎక్కి దిగడానికి భయపడి అక్కడే నిలబడిపోయింది. తమ్ముడు వెనక్కి వెళ్లాడు. దాన్ని చంకన పెట్టుకుని తిరిగేసరికి మోటారు సైకిల్ వచ్చి కొట్టింది. బండివాడు ఆగలేదు. తమ్ముడి తల గోడకు తగిలింది. పిల్లకు ఏమీ కాలేదు.

వాణ్ని అంబులెన్సులో ఎక్కించింది దారినపోయేవాళ్లు. బాపు ఎక్కలేదు. మంద అంతా రోడ్డు మీద చెదిరిపోయి ఉంది, చీకటి పడుతోంది, బండ్లు వస్తూనే ఉన్నాయి. ఆయన వాటిని రోడ్డు దింపి, దొడ్డికి తోలి, అప్పుడు బయల్దేరాడు. కొడుకు కంటే గొర్లెక్కువైనయా అని చుట్టాలు చాలా రోజులు చెప్పుకున్నారు. అట్లా అన్నవాళ్లు ఎవరూ హైవే మీద చెదిరిన మందను చూసినవాళ్లు కాదు.

నేనప్పుడు హైదరాబాదులో హాస్టల్లో ఉండి కెమిస్ట్రీ చదువుతున్నాను. వాణ్ని అక్కడి దవాఖానకే తెచ్చారు కాబట్టి మొదట చేరింది నేనే. సంతకం పెట్టిందీ నేనే. డాక్టరు ఓపికగా చెప్పాడు. మెదడు వాస్తోంది, పుర్రెలో దానికి జాగా లేదు, జాగా లేకపోతే నలిగిపోతుంది. అందుకని కుడివైపు పుర్రె ఎముక ఒక పెద్ద ముక్క తీసి పక్కన పెడతామన్నాడు. ఎక్కడ పెడతారని అడిగాను. "పొట్ట మీద చర్మం కింద. అక్కడైతే చెడిపోదు. వాపు తగ్గాక తీసి మళ్లీ తలకు పెట్టేస్తాం" అన్నాడు. సరే అన్నాను. మనిషి పుర్రె ముక్క మనిషి పొట్టలో పెడతామంటే, బీరువాలో పెడతామన్నట్టు విని తలూపాను. ఏమీ అనిపించకపోవడం అక్కడే మొదలైంది. మొదట్లో అది ధైర్యమనుకున్నాను. అందరూ కూడా నన్ను ధైర్యవంతురాలనే అన్నారు.

అమ్మ వచ్చేసరికి ఆపరేషన్ నడుస్తోంది. ఆమె తలుపు దగ్గర నేల మీద కూర్చుని, కొంగు పట్టి యాదగిరిగుట్ట నర్సింహస్వామికి మొక్కుకుంది. "నా కొడుకు కండ్లు తెరిస్తే వాని తలెంటికలు నీకే ఇస్త సామీ. ఒక్కటి గూడ దాసుకోను." వాడి ఒంటి మీద వాడికి ప్రాణమైనది అదేనని ఆమెకు తెలుసు. ఇవ్వాలంటే అదే ఇవ్వాలి.

వాడు కళ్లు తెరిచాడు. మమ్మల్ని లోపలికి పంపారు. తల నిండా కట్టు, మొహం ఉబ్బి గుర్తుపట్టేట్టు లేదు. అమ్మ చాలాసేపు చూసి, నర్సును అడిగిన మొదటి మాట "ఎంటికలేవమ్మా?"

"ఆపరేషనంటే గీకరా అమ్మా?" అంది నర్సు.

"గీకి ఏం జేసిన్రు?"

"ఏం చేస్తరు, ఊడ్చి పారేసుంటరు."

అమ్మ నా వైపు చూసింది. దేవుడికిచ్చిన సొమ్ము ఎవరో చెత్తలో పోసినట్టు చూసింది. ఆమె మొక్కేసరికే ఆ జుట్టు ఊడ్చేసి ఉంటారు. ఆ సంగతి ఆమె చాలాసార్లు తిప్పి తిప్పి ఆలోచించి, చివరికి ఒక నిర్ణయానికి వచ్చింది. ఆ జుట్టు లెక్కలోకి రాదు. మళ్లీ మొలవాలి, మొలిచింది ఇవ్వాలి, అప్పటిదాకా వాడి తల మీద ఇంకో కత్తి పడకూడదు.

డాక్టరేమో మూడు నెలలకు రమ్మన్నాడు. ఎముక తిరిగి పెట్టాలంటే మళ్లీ గుండు గీస్తారు. నేను చెప్పాను.

"మొక్కు తీరకుంట దవాఖానోళ్ల కత్తి పెట్టనియ్యనే" అంది అమ్మ. "మొదటిపాలి తెల్వక అయింది. ఇప్పుడు తెలిసి జేస్తే దేవుడు ఊకుంటడా?"

జుట్టు అనుకున్నంత తొందరగా మొలవలేదు. కుట్లు పడినచోట అసలు రాలేదు. గుట్టకు పోదామని అనుకుంటుండగా మా అవ్వ, అంటే బాపు వాళ్ల అమ్మ, చనిపోయింది. ఇంట్లో చావైతే ఏడాది తిరిగేదాకా గుట్ట ఎక్కకూడదు. మా ఇంటిపేరు పాలోళ్లలో ఎవరూ ఎక్కరు. కర్మల రోజే అమ్మ ఆ మాట తేల్చేసింది.

"డాక్టరు మూడు నెలలన్నడు గదమ్మా" అన్నాను.

"డాక్టరు మూడు నెలలన్నడు, దేవుడు ఏడాది అన్నడు. ఎవరు పెద్దనే?"

బాపు వైపు చూశాను. ఆయన చేతిలో చుట్ట ఆరిపోయి ఉంది. "ఎముక యాడికి పోతది బిడ్డా? వాని కడుపులనే ఉన్నది గద" అన్నాడు. నాకూ అది నిజమే అనిపించింది. భూమిలో పాతిన ఎముకలు ఏళ్లకు ఏళ్లు ఉంటాయి కదా, ఒంట్లో ఉన్నదానికి ఏమవుతుంది? బతికున్న ఒళ్లు భూమి కంటే తొందరగా తినేస్తుందని మాలో ఎవరికీ తెలియదు.

ఆ ఏడాదంతా అమ్మ ఆ ఎముకకు కాపలా కాసింది. బొడ్డుకు కుడి పక్కన, చర్మం కింద, పళ్లెం ముక్క దాచినట్టు ఎత్తుగా కనిపించేది. ఒత్తుకుంటుందని వాడి మొలతాడు తెంపేసింది. మా ఇంట్లో మగపిల్లవాడి మొలతాడు తెంపడం చిన్న విషయం కాదు. లుంగీ ముడి ఎడమ వైపుకు వేసేది. వాడు పక్కకు తిరిగితే మెల్లగా వెల్లకిలా తిప్పేది. పొద్దున లేవగానే మొహం కడగకముందే వాడి పొట్ట మీద చేయి పెట్టి చూసి "ఉన్నది" అనేది. తర్వాతే పొయ్యి దగ్గరికి పోయేది.

పైన తలలో మాత్రం కుడివైపు లోపలికి గుంట పడింది. పడుకుంటే ఆ గుంట కొంచెం నిండేది, లేచి కూర్చుంటే ఇంకా దిగిపోయేది. పడుకున్నప్పుడు వాడు నాలుగు మాటలు కలిపి మాట్లాడేవాడు. కూర్చోబెడితే మాట తడబడేది, నిలబెడితే తల పట్టుకుని ఆగిపోయేవాడు. ఎడమ చేయి పట్టు తప్పింది. ఒకరోజు బాపు వాణ్ని దొడ్డి దగ్గరకు నడిపించుకెళ్లి "పిలువురా" అన్నాడు. వాడు నాలుక అంగిలికి తగిలించి చప్పుడు చేయబోయాడు. ఉత్త గాలి వచ్చింది. గొర్రెలు తలెత్తి చూసి మళ్లీ మేతలో పడ్డాయి. బాపు వాణ్ని మళ్లీ ఇంటికి తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టి, బయటికి వెళ్లిపోయాడు. నేను అక్కడే ఉన్నాను. గొర్రెలు తమ్ముణ్ని గుర్తుపట్టలేదా, పట్టి కూడా రాలేదా అని ఆలోచించాను తప్ప దుఃఖం రాలేదు.

ఆ ఏడాది చివర్లో నేను సెలవులకు వెళ్తే అమ్మ సంతోషంగా ఎదురొచ్చింది. ఆమె మొహంలో సంతోషం చూసి ఎన్నాళ్లయిందో. నన్ను మంచం దగ్గరకు లాక్కెళ్లి, వాడి అంగీ ఎత్తి, నా చేయి పొట్ట మీద పెట్టింది.

"సూడు, ముందట్లెక్క పొడుసుకొస్తలేదు. అంచులు గూడ తగుల్తలెవ్వు. మంచిగ ఒదిగింది."

నిజంగానే ఎత్తు తగ్గింది. చర్మం నున్నగా ఉంది. వాడు కొంచెం ఒళ్లు చేశాడేమో అనుకున్నాను. "మంచిగున్నదమ్మా" అన్నాను.

అవ్వ పోయి ఏడాది తిరగగానే గుట్టకు బయల్దేరాం. వాడి జుట్టు అప్పటికి ఎడమవైపు చెవి మీదికి వచ్చింది. కుడివైపు మచ్చలు వదిలేసి మిగతాది మూసుకుంది. అమ్మ దానికి నూనె పెట్టి, దువ్వి, దిష్టి చుక్క పెట్టింది. గుట్ట మీద కొత్త గుడి కడుతున్న రోజులవి. ఎటు చూసినా నల్లరాళ్లు, ఉలుల మోత. ఆ చప్పుడుకు వాడు తల పట్టుకున్నాడు. బాపు గొంగడి తీసి వాడి చెవుల మీదుగా కప్పాడు.

కల్యాణకట్టలో ఒక నడి వయసు మంగలాయన వాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. నీళ్లు చల్లి తల తడపబోయి కుడివైపు చేయి పడగానే ఆగిపోయాడు. ఆయన వేలి కింద వాడి తల మెత్తగా కొట్టుకుంటోంది. బ్లేడు పక్కన పెట్టేశాడు.

"ఏందమ్మా గిది? ఎముక లేదా?"

అమ్మ చెప్పింది. రోడ్డు, గోడ, దవాఖాన, మొక్కు, అవ్వ చావు, అన్నీ. జుట్టు పెంచడానికి ఇన్నాళ్లు పట్టిందని, ఇది ఇచ్చేస్తే వాడి ఎముక వాడికి పెట్టించుకుంటామని, జర మెల్లగా తీయమని.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నేను కత్తి పెట్టనమ్మా. చెయ్యి ఆడది నాకు." కత్తెర తీసుకున్నాడు. నుదుటి దగ్గర ఒకసారి, రెండు పక్కలా ఒక్కోసారి, మూడు చిన్న కుచ్చులు కత్తిరించి అమ్మ చేతిలో పెట్టాడు. "మూడు కత్తెర్లు ఇస్తే మొక్కు తీరినట్టె. ఆడోళ్లు ఇస్తలేరా? పానం బాగలేనోళ్లు గూడ గిట్లనే ఇస్తరు. దీనికోసం ఇన్ని దినాలు ఆగిన్రా?"

ఆయన ఎత్తిపొడవలేదు. మామూలుగానే అడిగాడు. అమ్మ అరచేతిలో ఆ మూడు కుచ్చులు చూసుకుంటూ ఉండిపోయింది. అవి వేలెడంత కూడా లేవు. ఆపరేషన్ అయిన నెలకే ఇవ్వగలిగినంత. పక్కన చంటిపిల్లలు గుండ్లు గీయించుకుంటూ గుక్కపెట్టి ఏడుస్తున్నారు. బాపు "పా, దర్శనానికి టైమైతాంది" అన్నాడు. వెళ్లి దర్శనం చేసుకున్నాం. పులిహోర తిన్నాం.

ఆ వారమే దవాఖానకు వెళ్లాం. మమ్మల్ని చూసి డాక్టరు విసుక్కున్నాడు, పొట్ట నొక్కి చూసి వెంటనే ఆపరేషన్‌కు రాశాడు. లోపలికి తీసుకెళ్లిన చాలాసేపటికి నన్నూ అమ్మనూ తలుపు దగ్గరికి పిలిచి, ఒక ట్రేలో పెట్టి చూపించాడు. మొదటి ఆపరేషన్‌లో తల నుంచి తీసిన ఎముక అరచేతిని మించి ఉండిందని ఆయనే చెప్పాడు. ట్రేలో ఉన్నది అరిగిపోయిన సబ్బుముక్క అంత ఉంది. అంచులు పలచబడి, మధ్యలో చిల్లులు పడి, వెలుతురు అవతలికి కనిపిస్తోంది.

"చాలా ఆలస్యం చేశారమ్మా. ఎముక ఒంట్లోనే కరిగిపోయింది. ఇది పనికిరాదు. సిమెంటు లాంటిదానితో బిళ్ల చేసి పెడతాం" అన్నాడు.

"ఒదిగింది అనుకున్న సారూ" అంది అమ్మ. ఆమె గొంతు పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. నేను ఆమె భుజం పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టాను. నా చేయి ఆమె భుజం మీద ఉందని నాకు కనిపిస్తోంది కానీ తెలియడం లేదు.

డాక్టర్లు పొడినీ ద్రవాన్నీ గిన్నెలో కలిపి, చపాతీ పిండిలా అయ్యాక చేత్తోనే వంపు తీర్చి, గట్టిపడ్డాక వాడి తలకు బిగించారు. గుంట పోయింది. కొన్ని వారాలకు వాడు కూర్చుని మాట్లాడాడు, తర్వాత నిలబడి మాట్లాడాడు. తల మూతపడితే మెదడు కూడా కుదుటపడుతుందని డాక్టరు చెప్పాడు. అయితే ఇంకా ముందు పెట్టి ఉంటే ఇంకా ఎంత వచ్చేదో ఎవరూ చెప్పలేరన్నాడు. ఆ మాట ఆయన చెప్పకపోయినా బాగుండేది. ఎడమ చేయి పూర్తిగా రాలేదు. గొర్రెలను పిలిచే చప్పుడు వచ్చింది, పాతదానికి సగం. సగం మంద కదులుతుంది, మిగతా సగాన్ని బాపు తోలుతాడు.

మాలో ఎవరూ అమ్మను ఒక్క మాట అనలేదు. అనకపోవడం వల్ల ఆమెకు ఇంకా కష్టమైందేమో. ఆమె మునుపటిలాగే వండింది, దొడ్డి ఊడ్చింది, వాడికి అన్నం కలిపిచ్చింది. వాడి తలను మాత్రం మళ్లీ తాకలేదు. జుట్టు ఒత్తుగా పెరిగి సిమెంటు బిళ్లను కప్పేసింది, వాడు మళ్లీ దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. ఆదివారాలు వచ్చాయి, పోయాయి. నూనె గిన్నె గూట్లోనే ఉంది. "అమ్మా, నెత్తి ఎండిపోయిందే" అని వాడు ఒకటి రెండుసార్లు అడిగాడు. "నువ్వే పెట్టుకో కొడుకా, నా చేతులు గుంజుతున్నయి" అంది. తర్వాత వాడు అడగలేదు.

నేను ఈ పనిలో చేరింది తమ్ముడి కోసమని మా పరిశోధనశాల నడిపే సారు అందరికీ చెప్తాడు. కాలేజీకి ఎవరైనా పెద్దవాళ్లు వస్తే నన్ను ముందుకు తోసి మరీ చెప్తాడు. వాళ్లు అయ్యో అంటారు, నేను నిలబడతాను. నిజం చెప్పాలంటే, ఆ ట్రేలోని ముక్క ఎట్లా కరిగిందో నాకు అర్థం కావాలి, అంతే. కరిగేదాన్ని కరగకుండా ఆపే పని దొరుకుతుందనుకుని చేరితే, ఇక్కడ పద్ధతిగా కరిగేదాన్ని తయారు చేయమన్నారు. వాడి తలలో ఉన్న సిమెంటు కరగదు, పెరగదు, పెట్టినట్టే ఉంటుంది. మా బిళ్ల ఎప్పటికైనా మనుషుల దాకా వస్తే, వాడిలాంటివాళ్లకు సొంత ఎముక మళ్లీ వస్తుంది. వాడికి మాత్రం రాదు. బిగించినదాన్ని ఎవరూ ఊరికే ఊడదీయరు.

పోయినేడు మా బిళ్లలను మొదటిసారి బతికున్న గొర్రెల పుర్రెలకు పెట్టారు. పశువుల డాక్టర్లు మత్తిచ్చి చిల్లు చేసి, బిళ్ల పెట్టి కుట్టారు. కొన్ని నెలలు మేపి, తర్వాత చంపి చూడాలి. ఆ సంగతి ఫోనులో బాపుకు చెప్పాను.

"గొర్రె మంచిగున్నదా?" అన్నాడు.

"మంచిగున్నది బాపూ. మేస్తాంది."

"మరెందుకు కోసుడు?"

"లోపల ఎముక వచ్చిందో లేదో సూడాలె."

"కోసినంక తింటరా?"

"తినరు. మందులు పెట్టినం గద."

"తినకుంట ఎట్ల కోస్తరు బిడ్డా?" అన్నాడు ఆయన. నేను సిగ్నల్ లేదని ఫోను పెట్టేశాను.

ఎముక వచ్చింది. అంచుల నుంచి మొదలై రంధ్రాల్లోకి పాకి, బిళ్ల చాలావరకు కరిగి, దాని చోట కొత్త ఎముక తెల్లగా కనిపించింది. సారు మిఠాయి తెప్పించాడు. అందరూ నా చేయి పట్టుకుని ఊపారు. నేను కూడా నవ్వాను. అనిపించాల్సినది ఇంకా రాలేదు, దారిలో ఉందేమో అనుకున్నాను.

మొన్న ఎండాకాలం ఊరికి పోతూ, వాడకుండా మిగిలిన ఒక బిళ్లను సంచిలో వేసుకున్నాను. ఎందుకో తెలియదు. అది ఆదివారం. బాపు దొడ్డిలో ఉన్నాడు, తమ్ముడు అరుగు మీద కూర్చుని దువ్వుకుంటున్నాడు. అమ్మ గడపలో చింతపండు గింజలు తీస్తోంది. బిళ్ల ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చేతిలో తూచి, అటూ ఇటూ తిప్పి, గోరుతో గీరి చూసింది.

"ఎంత అల్కగున్నది. గిదేనా నువ్వు చేసేది?"

"గిదే. నెత్తికి పెడితే మెల్లగ కరిగిపోతదమ్మా."

ఆమె చేయి ఆగింది. "కరిగిపోతే?"

"కరగాలె. కరిగినకొద్ది దాని జాగల ఎముక వస్తది."

"అంటే కరుగుడు మంచిదేనా?"

"దీనికి మంచిదే."

ఆమె చింతగింజలు పక్కకు జరిపింది. "వానిది గూడ కరిగింది గదనే" అంది. నా మొహం చూడలేదు. "గది యాడికి పోయింది మరి? గంత ఎముక యాడికి పోతది? వాని ఒంట్లనే ఉన్నదా?"

కరిగిన ఎముకలోని సున్నం నెత్తురులో కలుస్తుంది. కొంత బయటికి పోతుంది. కొంత మళ్లీ ఒంట్లోని ఎముకల్లోకే చేరుతుంది. నేను చదువుకున్నది అదే, కాలేజీ పిల్లలకు చెప్పేదీ అదే. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట మా ఇంటికి తెచ్చి చెప్పాలని నాకు తోచలేదు. బయటికి పోయేదాని సంగతి ఆమెకు చెప్పలేదు.

"వాని ఒంట్లనే ఉన్నదమ్మా. కాళ్లల్ల, చేతులల్ల, ఈపుల. ఎముకలల్లనే కలిసింది."

"నిజంగనా?"

"నిజంగనే."

ఆమె బిళ్లను నా చేతిలో పెట్టింది. లేచి లోపలికి వెళ్లింది. గూట్లోంచి నూనె గిన్నె తెచ్చి, పొయ్యి మీద గోరువెచ్చగా చేసి, గడప దగ్గర కూర్చుంది.

"ఓరి కొడుకా, ఇటు రా. నెత్తి సూడు, గడ్డిలెక్క అయింది."

తమ్ముడు ఆమె వైపు చూసి, నా వైపు చూసి, వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె ముందు ఎడమవైపు రుద్దింది. కుడివైపుకు వచ్చేసరికి ఆమె వేళ్లు జుట్టు మీదే గాలిలో ఆగిపోయాయి. వాడే తలను కొంచెం వెనక్కి వంచి ఆమె అరచేతికి ఆనించాడు.

"గట్టిగనే ఉన్నదమ్మా, రుద్దు" అన్నాడు.

ఆమె రుద్దింది. నూనె వాడి చెవి వెనక నుంచి మెడ మీదికి కారుతోంది. నాకు ఏడుపొచ్చింది. దవాఖానలో రానిది, దొడ్డి దగ్గర రానిది, ఆ ట్రే ముందు రానిది, అంతా అప్పుడు వచ్చింది. ఆపుకోలేకపోయాను. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"ఏందక్కా, ఏమైంది?" అన్నాడు వాడు.

"ఏం లేదురా. నూనె కండ్లల్ల పడ్డది" అన్నాను.

"నూనె పెడ్తాంది నాకు గద" అన్నాడు వాడు.